రెండో కొస

గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయంటారు గానీ
సింగ్ నగర్‌లో ఆ మాటకి విలువ లేదు.
ఫ్లైఓవర్ కింద రోజంతా నిజం రైళ్లే.
నాది రైలు కాదు.
వానొస్తుందంటే చాలు,
మిషను చక్రం ఎవరో వెనక్కి తిప్పినట్టు
లోపల దారం చిక్కుపడుతుంది.

ఆ ఆదివారం బుడమేరు మా గడప దాటింది,
అడక్కుండా, చెప్పులు విప్పకుండా.
కుట్టాల్సిన జాకెట్లు పద్నాలుగు,
మస్తాన్‌బీ కూతురి నిఖా షరారా ఒకటి.
మేడమెట్ల మీంచి చూస్తూనే ఉన్నా.
ముందు పెడల్ పోయింది, తర్వాత చక్రం,
తర్వాత సూది.
సూది మునగడం ఎవరూ చూసి ఉండరు.
నేను చూశాను.

నీళ్ళు తీశాయి. బురద ఎత్తిపోశాం.
మిషను కిరసనాయిలుతో కడిగితే తిరిగింది.
నేను తిరగలేదు.
మబ్బు పడితే చేతులు చల్లబడేవి.
పక్కింట్లో బిందె పొంగినా లేచి కూచునేదాన్ని.
అర్ధరాత్రి టార్చి పట్టుకుని
కాలవ చూసొచ్చి, పడుకుని, మళ్ళీ వెళ్ళి చూసొచ్చి.
"వాచ్‌మన్ కూడా ఇన్నిసార్లు తిరగడు,
జీతం అడుగు" అన్నాడు ఏసుపాదం, దుప్పట్లోంచి.
డాక్టరు బీపీ బాగానే ఉందన్నాడు.
మిగిలినోళ్ళంతా ధైర్యంగా ఉండమన్నారు.
ధైర్యం వస్త్రలతలో మీటరెంతో
ఒక్కరూ చెప్పలేదు.

ఒకనాడు మధ్యాన్నం, చేతిలో పని లేక
గోడమీద మరక చూస్తూ కూచున్నా.
రెండుసార్లు సున్నం వేసినా పైకి తేలే మట్టిరంగు గీత.
మెళ్ళో టేపు ఉంది.
అలవాటు పడ్డ చెయ్యి గదా, తీసి కొలిచాను.
యాభై ఒక్క అంగుళం.

అంతే.
అప్పటిదాకా అది ఆకాశమంత.
ఇప్పుడు నా భుజం దాకా.

కొలత లేకుండా ఎవరికీ ఏమీ కుట్టలేమని
సుభానీ మాస్టారు మొదటిరోజే చెప్పాడు.
జాకెట్ల సంగతే చెప్పాడనుకున్నా ఇన్నేళ్ళూ.

ఆ రాత్రి గుబుల్ని మొదటిసారి కసరకుండా అడిగాను,
ఏం కావాలే నీకు, అని.
ఆ రోజు నిన్ను లేపినవాళ్ళు లేరు,
అందుకే నేను పడుకోవడం లేదు, అన్నట్టనిపించింది.
పాపం, అనుకున్నా.
ఇన్నాళ్ళూ దాన్ని దొంగనుకుని కర్ర తీశాను.

ఏడడుగుల ఎత్తున గోడకి ఇనప బ్రాకెట్లు కొట్టించా.
మిషను తల విప్పి పైకెక్కించడానికి
మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది,
ఇప్పుడు నాలుగు.
కరెంటు స్తంభాలకి ఎర్రరంగు గీతలు గీశా.
కొలతల పుస్తకంలో
భుజం, ఛాతీ, నడుం అని ఉన్న గడుల్లోనే రాశా:
అంకమ్మ, నడవలేదు, మోయడానికి ఇద్దరు.
కోటిరత్నం గారు, చెవుడు,
తలుపు కొట్టొద్దు, కిటికీలోంచి లైటు వెయ్యి.
మస్తాన్‌బీ, ఇన్సులిన్, ఫ్రిజ్జులో పై అర.
కొందరు నవ్వారు.
నవ్వినోళ్ళలోనే ఒకాయన రంగుడబ్బాకి ఇరవై ఇచ్చాడు,
మా వాటా నంబరు కూడా రాయమ్మా అంటూ.

తగ్గిందా అంటే, తగ్గలేదు.
మొన్న శ్రావణంలో వాన దంచుతుంటే
రెండింటికి మెలకువ వచ్చింది. అవే చల్లటి చేతులు.
వెళ్ళి చూశా.
నీళ్ళు ఎర్రగీతకి జానెడు కింద.
ఒక్కసారే చూశా.
ఇంటికొచ్చి లైటేసి
తెల్లారి ఇవ్వాల్సిన జాకెట్టుకి కాజాలు కుడుతున్నా.

గుబులు వచ్చి పక్కన పీటేసుకుంది.
పొమ్మనలేదు.
వాన వెలిశాక ఇంకో వీధి స్తంభాలున్నాయి,
టేపు రెండో కొస పట్టుకోడానికి
ఎవరో ఒకరు కావాలి గదా.